అడవి తొట్టికి బ్లీచింగ్ కొట్టిన ఎండాకాలం

నాకు మురికి నీళ్ళు చూస్తే ఒళ్ళు మండుతుంది. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నా పని నేర్పిన గుణం. మాది ఇబ్రహీంపట్నం దగ్గర వ్యవసాయం చేసుకుని బతికిన కుటుంబం. పంచుకుని పంచుకుని పొలం ముక్కలైపోయింది గానీ మా బోరు మాత్రం ఏ ఎండాకాలమూ మొరాయించలేదు. దాంతో ట్రాక్టరుకు ట్యాంకర్ తగిలించి తుర్కయాంజాల్, బడంగ్‌పేట్ కాలనీలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. నేల కింది నీళ్ళ సంపు మూత తీయగానే అడుగున పాచి కనబడితే పైపు విప్పేవాణ్ణి కాదు. ముందు కడుక్కోండి అనేవాణ్ణి. వాళ్ళకు చేతకాదంటే నేనే దిగి పుల్లల చీపురుతో రుద్ది, బ్లీచింగ్ పౌడర్ చల్లి, రెండుసార్లు తోడిపోసి అప్పుడు నింపేవాణ్ణి. కాలనీల్లో ఆడవాళ్ళు నా వెనక నవ్వుకునేవాళ్ళని నాకు తెలుసు. అయినా ట్యాంకర్ కావాలంటే నాకే ఫోన్ చేసేవాళ్ళు.

ఒక ఏడాది ఎండలు ముదరకముందే అటవీశాఖ నుంచి కబురు వచ్చింది. మా ఊరి వెనక గుట్టను ఆనుకుని ఒక చిన్న రక్షిత అడవి ఉంది. అందులో జంతువుల కోసం మూడు సాసర్ పిట్లు కట్టారు, వాటిని వారానికి రెండుసార్లు నింపాలన్నారు. సాసర్ పిట్ అంటే నేల మట్టానికి పెద్ద పళ్ళెంలా పోసిన సిమెంటు తొట్టి, అంతే. సరే అన్నాను. నేను పుట్టింది ఆ అడవికి కూతవేటు దూరంలోనే గానీ అప్పటిదాకా లోపల కాలు పెట్టింది లేదు. రోడ్డు మీద నుంచి చూస్తే ముళ్ళకంపా రాళ్ళూ తప్ప ఏమీ కనబడదు. నాలుగు కుందేళ్ళ కోసం ఇంత హడావుడి ఏమిటని లోలోపల వెటకారం చేసుకున్నాను కూడా.

గేటు దగ్గర వాచర్ అక్క ఉండేది. యాభై దాటిన మనిషి. చీర మీద ఖాకీ చొక్కా, చేతిలో తన ఎత్తు కర్ర. ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని దారి చూపించేది. నేను గేరు మార్చేటప్పుడు చప్పుడు చేస్తే కర్రతో బానెట్ మీద చిన్నగా కొట్టేది, బడిలో పంతులు బల్ల మీద కొట్టినట్టు.

మొదటి రోజే ఒక నల్లమద్ది దగ్గర ఆపమంది. ఒకే మొదలు నుంచి నాలుగు మానులు లేచి ఉన్నాయి, ఒక్కొక్కటీ నా రెండు చేతుల పట్టుకు అందనంత లావు. ఆ మొదలు మాత్రం ఎప్పుడో గొడ్డలితో నరికిన మోడు. దాన్ని నరికింది వాళ్ళమ్మేనట. అక్క చిన్నతనంలో ఈ గుట్ట మొత్తం బోడిగా ఉండేదట. ఊళ్ళో ఆడవాళ్ళంతా పొద్దున్నే వచ్చి దొరికిన చెట్టునల్లా కొట్టి, మోపులు కట్టి, పట్నం దారిలోని హోటళ్ళకు, ఇటుక బట్టీలకు అమ్మేవాళ్ళట. తనూ తల్లి వెనకాల చిన్న మోపుతో నడిచిందట. తర్వాత ఇళ్ళల్లోకి గ్యాస్ పొయ్యిలు వచ్చాయి, అటవీశాఖ వాళ్ళు చుట్టూ కందకం తవ్వారు, గొడ్డళ్ళు ఆగిపోయాయి. ఒక వానాకాలం వచ్చి చూస్తే ప్రతి మోడూ చిగురేసి ఉందట.

"ఒక్క మొక్క ఎవ్వలు నాటలె తమ్మి," అంది. "మేము నరికినయే మళ్ల లేచినయ్. ఏర్లు సావలె."

నేను తలెత్తి చూశాను. నల్లమద్ది మీద నల్లమద్ది, వాటి సందుల్లో తునికి, మోదుగ, కింద సీతాఫలం పొదలు. వేల గొడ్డలి దెబ్బలు తిన్న మోళ్ళ మీద నిలబడిన అడవి అది. రోడ్డు మీద నుంచి ముళ్ళకంప అనుకున్నందుకు సిగ్గేసింది.

అక్క బెంగ మాత్రం చెట్ల గురించి కాదు, ఒక దుప్పి గురించి. ఆ అడవిలో నాలుగంటే నాలుగే చుక్కల దుప్పులు ఉండేవట. కిందటి ఎండాకాలం నాకంటే ముందు నీళ్ళు పోసిన మనిషి పది రోజులు ఎగ్గొట్టాడు. తొట్లు ఎండిపోయాయి. దప్పికకు తాళలేక రెండు ఆడ దుప్పులు కందకం దూకి, రోడ్డు అవతల కొత్త వెంచర్లో ఇళ్ళ పని కోసం నింపిన నీటి తొట్టి దగ్గరికి పోయాయి. అక్కడ కుక్కలు చుట్టుముట్టాయి. అక్క కర్ర పట్టుకుని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. మగది వానాకాలం చివరిదాకా తిరిగి తర్వాత కనబడలేదు. ఇక మిగిలింది ఒక్క ఆడది, అది కూడా కడుపుతో ఉంది.

"ఇదొక్కటన్న బతకాలె. నీళ్లకోసం అది కందకం దాటొద్దు తమ్మి, గంతే నేనడిగేది," అంది.

ఆ మాటకు నేను చాలా పెద్ద మాట ఇచ్చాను. నా బోరు ఉన్నంతకాలం ఒక్క రోజు తప్పను, ఫికర్ చేయకు అన్నాను. తప్పలేదు కూడా. అసలు తప్పు వేరే చోట చేశాను.

చైత్రం నడుమలో అక్కకు జ్వరం వచ్చి రెండు రోజులు దవాఖానకు పోయింది. ఆ రెండు రోజుల్లోనే నీళ్ళు పోసే రోజు వచ్చి నేనొక్కణ్ణే లోపలికి పోయాను. పక్కన కర్ర దెబ్బలు లేకపోయేసరికి తీరిగ్గా తొట్టి చూశాను. అంచులకు పచ్చటి పాచి, అడుగున కుళ్ళిన ఆకులు, జానెడు బురద, అందులో రెండు కప్పలు. ఎవరో మధ్యలో నాలుగు బండరాళ్ళు కూడా పడేశారు. కడుపుతో ఉన్న దుప్పి ఈ నీళ్ళా తాగేది అనుకున్నాను. చీపురు, బకెట్, బ్లీచింగ్ డబ్బా ఎప్పుడూ ట్రాక్టర్లోనే ఉంటాయి. రాళ్ళు తీసి అవతల పారేశాను. కప్పల్ని పట్టి పొదల్లో వదిలాను. సిమెంటు తెల్లగా మెరిసేదాకా రుద్దాను. అడవి కదా, క్రిములు ఎక్కువ ఉంటాయని పౌడర్ రెండింతలు చల్లాను. అదే ఊపులో మిగతా రెండు తొట్లూ చేసేశాను. మధ్యాహ్నానికి నడుము పడిపోయింది గానీ మూడు తొట్లలో నీళ్ళు అద్దాల్లా ఉన్నాయి. ఫోటో తీసి మా ఇంటావిడకు పంపాను. ఇంట్లో గిన్నెలు కూడా ఇట్ల తోమితే బాగుండు అని ఆమె జవాబిచ్చింది.

నాలుగో రోజు ట్యాంకర్ తీసుకుని పోతే అక్క వచ్చి ఉంది. మధ్య తొట్టి పక్కన కూర్చుని ఉంది, లేవలేదు. తొట్టిలో నేను పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. వేలెడు కూడా తగ్గలేదు. నేను ముందు సంతోషించాను కూడా, నీళ్ళు నిలిచాయి, తొట్టి కారడం లేదని.

"ఏం కలిపినవ్ ఇండ్ల?" అని అడిగింది.

చెప్పాను. గర్వంగానే చెప్పాను. ఆమె నీళ్ళ వైపే చూస్తూ కూర్చునేసరికి కోపం వచ్చి, మనుషులు తాగే నీళ్ళకు కూడా నేను ఇదే చేస్తాను, ఇంత కష్టపడి కడిగితే మెచ్చుకోవా అని గొంతు పెంచాను. ఆమె కర్రతో నేల చూపించింది. తొట్టికి పది అడుగుల దూరంలో దుమ్ములో దుప్పి గిట్టల గుర్తులున్నాయి. అక్కడిదాకా వచ్చి ఆగి, ఒకే చోట కాళ్ళు మార్చి మార్చి నిలబడి, వెనక్కి తిరిగిపోయింది. ఒక్కసారి కాదు. పాత గుర్తుల మీద కొత్త గుర్తులు. అన్నీ తిరిగింది రోడ్డు వైపే.

"మనకు కంపు గాదు తమ్మి. దానికి కంపు. మూడొద్దుల సంది తాగలె."

మిగతా రెండు తొట్ల దగ్గరికి పోతే అక్కడా అదే కథ. కందకం దాకా నడిచాం. గట్టు మీద కూడా గిట్టలున్నాయి. అవతలికి దూకలేదు ఇంకా. దూకాలా వద్దా అని నిలబడి చూసిన చోటు స్పష్టంగా కనబడుతోంది. అవతల వెంచర్లో ప్లాట్ల హద్దులకు పాతిన రంగు రాళ్ళ మధ్య నాలుగు కుక్కలు పడుకుని ఉన్నాయి.

ఆ రోజు కాలనీల నుంచి వచ్చిన ఫోన్లు ఒక్కటీ ఎత్తలేదు. తెచ్చిన ట్యాంకర్ బయట ఖాళీ చేసి వచ్చి బకెట్లతో మూడు తొట్లూ తోడాను. ఆ నీళ్ళు చెట్ల మొదళ్ళలో పడకుండా మళ్ళీ ట్యాంకర్లోకే ఎత్తిపోసి బయటికి పట్టుకుపోయాను. మంచినీళ్ళు పోసి తోడి, మళ్ళీ పోసి తోడి, మర్నాడు ఎండకు ఎండబెట్టాను. ఆ రెండు రోజులు అక్క కందకం గట్టు మీదే కూర్చుంది, జ్వరం పూర్తిగా తగ్గకుండానే. కుక్కలు ఇటు తిరిగితే రాళ్ళు విసిరేది. దుప్పి ఎక్కడ ఉందో, ఏమి తాగుతోందో, అసలు ఉందో లేదో మాకు తెలియదు.

మూడోసారి నింపాక అక్క వాగులోంచి రెండు గంపల బురద తెచ్చి నా ముందు పెట్టింది. కలపమంది. పాత ఆకులు ఇన్ని వేయమంది. నేను పారేసిన రాళ్ళు వెతికి మళ్ళీ లోపల పెట్టమంది, నీళ్ళలో పడిన చిన్న ప్రాణాలు పాకి పైకి రావడానికట. జీవితమంతా సంపులు కడిగిన చేతులతో నేనే మంచినీళ్ళలో బురద కలిపాను. ఇంకెవరైనా చెప్పి ఉంటే కొట్టేవాణ్ణేమో.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరం మధ్య తొట్టికి కాస్త దూరంలో ఉన్న ఒక కూలిన రాతి గోడ వెనక కూర్చున్నాం. ఆ గోడ ఎవరు కట్టారని గుసగుసగా అడిగాను. నిజాం జమానాలో ఎవరో జాగీర్దారు తుపాకీ పెట్టుకుని ఇక్కడే కూర్చునేవాడని, అప్పుడు తొట్టి ఉన్న చోట ఊట ఉండేదని, నీళ్ళకొచ్చిన వాటిని వచ్చినట్టే కొట్టేవాడని వాళ్ళ తాత చెప్పాడట. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చోమంది.

ముందు వచ్చినవి తేనెటీగలు. వందల్లో వచ్చి తడి రాళ్ళ అంచున వరుసగా వాలి, ఒళ్ళంతా ఊపుతూ తాగాయి. తేనెటీగకు దాహం వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. వాటి మధ్యలోనే పిగిలిపిట్టలు దిగి ఒక్కో బొట్టు తీసుకుని తల పైకెత్తి మింగాయి. తర్వాత ఒక నెమలి వచ్చింది. తోకను మట్టికి తగలకుండా ఎత్తిపట్టి, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా నాలుగు దిక్కులూ చూసి, వంగింది. దాని మెడ మీద ఎండ పడి రంగు మారుతుంటే నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను. ముంగిస వచ్చింది. ఒక ఉడుము రాయి మీద నుంచి నెమ్మదిగా జారి నీళ్ళలో గడ్డం పెట్టింది. అడవిపంది తల్లి పిల్లలతో వచ్చి బురదంతా కలిపేసి పోయింది. ఆ బురద చూసి నాకు ఒళ్ళు మండలేదు. నా పుట్టిన ఊరి పక్కన, నేను హారన్ కొట్టుకుంటూ పోయిన రోడ్డు పక్కన, రోజూ ఇదంతా జరుగుతూనే ఉంది. చూడకుండా నలభై ఏళ్ళు బతికాను.

దుప్పి మాత్రం రాలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అక్క పెదాలు ఎండిపోయాయి, కళ్ళు మాత్రం రోడ్డు వైపే. నేను ఇక రాదని నిర్ణయించుకున్నాను. చేజేతులా చంపుకున్నానని అనుకున్నాను. లేచి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది.

అప్పుడు అక్క నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఎదురుగా మోదుగ కింద నీడ అనుకుంటున్నది కదిలింది. పొద్దున్నుంచీ ఎండ మచ్చలనుకుని చూస్తున్నవి దాని ఒంటి మీది చుక్కలు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో దానికే తెలియాలి. రెండడుగులు వేసి ఆగింది. ముందుకాలు నేల మీద టక్కుమని కొట్టింది. ముక్కు ఎత్తి వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. నా ప్రాణం నా దగ్గర లేదు. మళ్ళీ ముందుకు వచ్చి, మొన్న తిరిగిపోయిన చోటు దాటి, నీళ్ళ అంచున మెడ వంచింది.

తాగుతున్న చప్పుడు మాకు వినబడింది. గుటక గుటకకూ మెడ కింద చర్మం కదలడం కనబడింది. దాని కడుపు జారి వదులుగా ఉంది, పొదుగు నిండుగా ఉంది.

అక్క చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఈనింది," అంది, పెదాలతోనే. "పిల్లను యాడనో దాచొచ్చింది."

నాకూ ఆగలేదు. చొక్కా చేతితో మొహం తుడుచుకుంటుంటే ఆమె నీకేమైందన్నట్టు చూసింది. గుసగుసగా చెప్పాను.

"పదేండ్ల సంది నీళ్లు పోస్తున్న అక్కా. తాగంగ ఎవర్నీ చూడలె."

దుప్పి తల ఎత్తింది. మూతి నుంచి బొట్లు రాలుతుంటే మేమున్న వైపు చూసింది. మేము కదల్లేదు. మళ్ళీ వంగి నీళ్ళలో మూతి పెట్టింది.