ధర్మవరం ఓబులేశన్న బొమ్మ రైలుకు మళ్లీ సిగ్నల్ పడిన రోజు

హిందూపురంలో నాకు మిక్సీలు, మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. మేడ మీది గదిలో ఒక రైల్వే కూడా ఉంది: రెండు బల్లల మీద బొమ్మ పట్టాలు, చిన్న ఇంజను, నాలుగు పాయింట్లు. పాయింటంటే బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోటు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. కంట్రోలర్‌లో ఆ నంబరు నొక్కితే ఆదేశం పట్టాల గుండానే వెళ్లి కింద మోటారును తిప్పుతుంది, పక్కన సిగ్నల్ రంగు మారుతుంది. ఇదంతా నాకు ఫోనులో నేర్పింది ధర్మవరం ఓబులేశన్న. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు, ఇంట్లో ఆయనకూ ఒక బొమ్మ రైలు గది ఉంది. మూడు నెలలుగా ఆయన ఫోను ఎత్తలేదు. పోయిన వారం ఆయన భార్య నాగలక్ష్మక్క ఎత్తింది.

"పక్షవాతం వచ్చిందప్పా. కుడిచెయ్యి లేయదు. ఆ రైలు గది తలుపు ఎవుర్నీ తీయనీడు. నువ్వన్నా ఒకతూరి వచ్చిపో" అంది.

ఆదివారం ఉదయం ఏడు గంటల ప్యాసింజర్ ఎక్కాను. పెనుకొండలో, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ఇరవై నిమిషాలు ఆపారు. పది రూపాయల టీ తాగుతుంటే టీ అమ్మే ఆయన నా సంచి వైపు చూశాడు.

"ఏముండాదన్నా అందులో?"

"బొమ్మ రైలు మోటారు."

"బిడ్డకా?"

"నాకే."

నవ్వి, గ్లాసులో ఇంకొంచెం పోశాడు.

తొమ్మిది దాటాక ధర్మవరంలో దిగి, యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరాను. ఓబులేశన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆ సామానంతా నువ్వే ఎత్తకపో. నాకెందుకింక?" అన్నాడు, మాటను కూడదీసుకుంటూ. నేను సంచి విప్పి మోటారు, తీగలు ఆయన ముందు పెట్టాను. నా తిప్పలు చెప్పుకున్నాను. "పాయింటు సగంలో ఇరుక్కున్నా సిగ్నల్ పచ్చగానే పడుతోందన్నా. మొన్న ఇంజను బల్ల మీంచి కింద పడింది."

ఆయన గిరుక్కున తిరిగాడు. "దారి కుదరకుండా సిగ్నల్ ఎట్లిచ్చినావప్పా? మనుషులుండే బండైతే ఏమైతుండె?" కర్ర అందుకుని లేచాడు. రైలు గది తలుపు తనే తోశాడు.

లోపల బల్లంతా దుమ్ము. నేను సిగ్నల్‌ను నేరుగా బటనుకు కలపడమే తప్పన్నాడు. పాయింటు మోటారు దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. పట్టా పూర్తిగా కదిలితేనే అది నొక్కుకుంటుంది. పచ్చదీపానికి వెళ్లే తీగ దాని గుండా పోవాలి. తన మూడో పాయింటు దగ్గర చూపించబోతే, ఆ తీగను ఎలుక కొరికేసి ఉంది. ఎడమచేత్తో అతకబోయాడు. మూడుసార్లు జారిపోయింది. "సూసినావు కదా" అని వెనక్కి వాలాడు.

"ఇట్ల తే" అంటూ నాగలక్ష్మక్క ముందుకొచ్చింది. పట్టుచీరల మగ్గాల మీద పాత పోగుల చివరలకు కొత్త పోగులు అతికే పని ఆమెది. రెండు వేళ్ల మధ్య తీగలను మెలిపెట్టింది, అతుకు కనబడనే లేదు. సోల్డరింగ్ ఒక్కటే నాకు మిగిలింది.

ఓబులేశన్న ఎడమ బొటనవేలితో మూడో నంబరు నొక్కాడు. పట్టా సగం కదిలి ఆగిపోయింది. పని చెడిందనుకున్నాను. ఆయన మొహం మాత్రం వెలిగింది. "అదీ! దారి కుదర్లేదు, ఎర్రగానే ఉండాది సూడు!"

అక్క దుమ్ము ఊదింది. మళ్లీ నొక్కాడు. టక్కుమని పట్టా అతుక్కుంది, అప్పుడే పచ్చదీపం వెలిగింది, ఇంజను దాటిపోయింది. ఆయన కళ్లు తుడుచుకుని అక్క వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లూ నువ్వీ గదిలోకి రాలేదే."

"నువ్వు పిలిస్తే గదా!"

"సరే, నాలుగో నంబరు నువ్వు నొక్కు."

మధ్యాహ్నం అక్క పెట్టిన సంగటి తిని, మూడు గంటల బస్సెక్కాను. ధైర్యం చెప్పాలని వెళ్లినవాణ్ని, నా తిప్పలే చెప్పుకున్నాను. ఆయన్ను కుర్చీలోంచి లేపింది సిగ్నల్ కలపడంలో నేను చేసిన తప్పే. జాలి చూపించేవాళ్లు మూడు నెలలుగా వస్తూనే ఉన్నారట, ఆయనకు తెలిసిన పని గురించి అడిగినవాళ్లే లేరు.

మీరూ ఇలా నేర్చుకోవడానికి వెళ్తుంటే, మొరాయించే పాయింటును మోటారు, తీగలతో సహా వెంట తీసుకెళ్లండి. తప్పు ఎక్కడుందో ఫొటోలో తెలియదు. గురువారం నాగలక్ష్మక్క ఫోన్ చేసింది. "ఇంకో పాయింటు మోటారు యాడ దొరుకుతాదప్పా?" అని అడిగింది. "అన్నకా?" అన్నాను.

"ఆయప్పకు కాదు. నాకొక లైను వేరే కావాల."