బావ పన్ను, నా దవడ

నేను పళ్ళ డాక్టర్ని. నా డ్రిల్లు పాట విని పారిపోయినవాళ్ళే గాని, తల ఊపినవాళ్ళు లేరు. సంగీతంతో నా పరిచయం అంతవరకే.

మా అక్క భర్త ఆర్కెస్ట్రాలో హార్న్ అనే చుట్టలు తిరిగిన ఇత్తడి బాకా ఊదుతాడు. కచేరీ వారం ఉందనగా ఆయన ముందుపన్ను అంచు విరిగితే నా దగ్గరికి వచ్చాడు. అతికించి ఊరుకుంటే నేనెందుకవుతాను? ఆయన అడక్కుండానే పక్క పన్ను వంకర కూడా అరగదీసి, "హీరోలా ఉన్నావు బావా!" అన్నాను.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "మీ బావ నోటిని ఏం చేశావురా? పొద్దుట్నుంచి ఆ హార్న్ దూడ తప్పిపోయిన గేదెలా అరుస్తోంది!"

పరుగెత్తుకు వెళ్ళాను. బావ హార్న్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఒకప్పుడు వేటగాళ్ళు ఊదుకునేది. మీటలు కూడా ఉండేవి కావు, అంతా పెదవుల బిగువే. ఇప్పుడు మీటలొచ్చినా పెదవి ఆనేది ఈ పళ్ళ మీదే కదరా! కచేరీలో రెండు సింఫనీలు, అంటే భాగాలు భాగాలుగా సాగే పెద్ద వాద్యరచనలు. రెండోదానిలో నెమ్మదిగా సాగే భాగం నాతోనే మొదలవుతుంది."

"మళ్ళీ సరిచేయనా?"

బావ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బాబ్బాబు, నీకు పుణ్యముంటుంది! నేనే అలవాటు పడతాలే."

కచేరీనాడు నేను జారుకోకుండా అక్క తన పక్కనే కూర్చోబెట్టుకుంది. మొదటి సింఫనీ, పూర్వం ప్రభువుల ఇళ్ళలో కొద్దిమంది కోసం రాసినదట. అందులో బావకు పెద్దగా పని లేదు. మామూలుగా అయితే హాయిగా కునుకు తీసేవాణ్ణి. భయం నా కన్ను మూతపడనివ్వలేదు.

రెండోదానిలో మొదటి భాగం ముగిసింది. బావ హార్న్ ఎత్తాడు. హాలంతా ఆయన చేతుల్ని చూస్తుంటే, నేను పళ్ళు బిగబట్టి ఆయన మూతినే చూస్తున్నాను. దూరాన కొండ అవతలి నుంచి ఎవరో పిలిచినట్టు ఒక స్వరం మొదలైంది. వణకలేదు. పైకి లేచింది, సాగింది, మెత్తగా వాలింది. అక్క కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే నా నోట్లో "టప్"మంది. దవడ పన్ను! పళ్ళు బిగించకండి అని రోజూ పదిమందికి నీతులు చెప్పే పెద్దమనిషిని.

కచేరీ అయ్యాక బావ మా దగ్గరికి వచ్చాడు. "ఎలా ఉందిరా?"

"అబ్భుథం బావా!" అన్నాను బుగ్గ పట్టుకుని.

సంగతి తెలిసి ఆయన అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాడు. అక్కయితే జాలిపడ్డట్టే మొహం పెట్టి, నా దవడ వాపును చుట్టాలందరికీ పిలిచి మరీ చూపించింది.

నా పన్ను నేను పీక్కోలేను కదా! మర్నాడు వేరే డాక్టరమ్మ దగ్గర నోరు తెరిచాను.

"ఎలా విరిగింది?" అంది ఆవిడ.

"సింఫనీ వింటుంటే" అన్నాను.

ఆవిడ నర్సు వంక చూసింది. నర్సు కిటికీలోంచి బయటికి చూసింది.