తవుడు బస్తా

ఆ యేడు మా ఊరి ఆసుపత్రికి విదేశీ డాక్టరమ్మలు వచ్చి, గర్భసంచి జారిన ఆడవాళ్లకి ఉచితంగా ఆపరేషన్లు చేశారు. వాళ్ల ఇంగ్లీషుని తెలుగులో చెప్పడానికి నేను జీతం లేకుండా ఒప్పుకున్నాను.

శిబిరం అయిపోయాక, మొగల్తూరు మీదుగా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ, "మూడు నెలలు బరువులెత్తొద్దని నాకు చెప్పింది మీరేనండి," అంది. నాకు ఆమె ముఖం గుర్తులేదు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా పొత్తికడుపు పట్టుకుంటోంది.

మొగల్తూరులో ఆమె భర్త తవుడు బస్తా కొని, బస్సు కోసం కాచుకుని ఉన్నాడు. ఆమె దిగగానే ఆ బస్తా ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.

"ఏవండీ, ఆవిడ బరువులు మోయకూడదండి!" అని కిటికీలోంచి అరిచాను.

"మరి బాగుచేసి పంపింది ఎందుకండీ?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఆమె ఒక చేత్తో బస్తా, ఇంకో చేత్తో పొత్తికడుపు పట్టుకుని అతని వెనకే నడిచింది.

మరుసటేడు శిబిరంలో డాక్టరమ్మ, "బరువులెత్తకూడదని వీళ్లకి చెప్పండి," అనగానే, ముందు వాళ్ల మగవాళ్లని లోపలికి పిలవమన్నాను. ఆయా వరండాలోకి వెళ్లి చూసొచ్చింది.

ఒక్కడూ లేడు.