ఫొటోలో లేని మోదుగు కొమ్మ

చాలా ఏళ్లుగా ఒక కొమ్మను మోస్తున్నాను. నవ్వకండి. పచ్చి మోదుగు కొమ్మ, మూరెడు పొడవు ఉంటుందేమో. మోసి మోసి భుజం కాయలు కాసింది, ఇక నా వల్ల కాదు. మీకు చెప్పేస్తాను. పేరు మాత్రం అడక్కండి.

నేను పిరికివాణ్ణి అనుకుంటే పొరపాటే. కరీంనగర్‌లో నా స్టూడియోకి వచ్చిన వాళ్లనెవరినైనా అడగండి, ఉన్నది మొహం మీదే అనే మనిషి అంటారు. ఫొటోలు కూడా బాగా తీస్తాను, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. తిండి పెట్టేవి పెళ్లి ఫొటోలు. కానీ ముహూర్తం లేని ఆదివారం దొరికిందంటే చాలు, ఆదిలాబాద్ వైపు ఘాట్ రోడ్డు ఎక్కాల్సిందే. మలుపు మలుపుకీ కారు ఆపి, లోయల్నీ కొండల్నీ తీసుకుంటూ పోవాలి, ఆ తర్వాత కాలినడకన గుట్ట ఎక్కాలి.

ఈ పిచ్చి నాకు అంటించింది మా బావ, అంటే మా అక్క భర్త. గుట్టలు ఎక్కే మా గుంపులో బండి ముందు నడిపేదీ ఆయనే, గుట్ట మీద ముందు నడిచేదీ ఆయనే. బావ వెనక పోతే ఫికర్ లేదు అనేవాళ్లు అందరూ. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది, అడవికి తునికాకు కోయడానికి పోయేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. దారి చీలిన చోట, పోకూడని దారికి అడ్డంగా ఒక పచ్చి కొమ్మ విరిచి వేస్తాడు. గాలికి కొట్టుకుపోకుండా మీద రాయి పెడతాడు. వెనక వచ్చేవాళ్లు కొమ్మ లేని దారి పట్టుకోవాలి. ఎండాకాలంలో టేకు ఆకులు రాలి దారులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి, ఫోన్లు పనిచేయవు, కాబట్టి ఆ కొమ్మనే నమ్ముకునేవాళ్లం.

నేను చెప్పబోయే రోజున ఎండకు జడిసి చాలామంది కార్ల దగ్గరే ఉండిపోయారు. నడిచింది ముగ్గురమే. ముందు బావ, తర్వాత నేను, చివరన సరోజన మేడం. ఆమె బడిలో సైన్సు టీచరు. పువ్వు కనబడితే ఆగుతారు, పురుగు కనబడితే ఆగుతారు. "మీరు పోండ్రి, నేను కొమ్మలు చూసుకుంట మెల్లగ వస్త" అన్నారు.

దారి చీలిన చోటికి నేను వచ్చేసరికి బావ ముందుకు వెళ్లిపోయాడు. కొమ్మ ఉంది. అడ్డంగా, చక్కగా, రాయి కింద. ఆ దారి చివర బోడగుట్ట కనిపిస్తోంది. నేల అంతా ఎండిన ఆకుల గోధుమ రంగు, గుట్ట ఎర్రగా, ఆకాశం తెల్లగా. ఎక్కడెక్కడి వాళ్లో తీసిన ఎడారి కొండల ఫొటోలు చూసి అప్పటికి ఎన్నాళ్లుగానో కుళ్లుకుంటున్నాను, మనకెందుకు లేదు అలాంటి కొండ అని. ఇదిగో ఉంది! మోకాళ్ల మీద కూర్చుని కెమెరా నేలకు ఆనించాను. ఫ్రేములో పచ్చనిది ఒక్కటే ఒక్కటి, ఆ కొమ్మ. ఎడారిలో పచ్చి మోదుగు ఆకులేమిటి అనుకున్నాను. రాయి పక్కకు దొర్లించి, కొమ్మను పొదలోకి విసిరేశాను. ఫొటో తీశాను.

మళ్లీ పెట్టాలనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇన్నేళ్లకు అది కూడా ఖాయంగా చెప్పలేను. వెలుగు మారుతోంది, పైనుంచి ఇంకో ఫొటో దొరుకుతుందని గబగబా సరైన దారిలో ఎక్కేశాను. ఆ తప్పు దారి గుట్ట వైపే పోతున్నట్టు కనబడుతుంది గానీ సగంలో ఒర్రెలోకి దిగిపోతుంది, ఎండిపోయిన వాగు అది, అంతా బండరాళ్లు.

మేడం ఎంతసేపటికీ రాలేదు. కిందికీ పైకీ తిరిగి, అరిచి అరిచి, చివరికి ఒర్రెలో దొరికారు. కాలు విరిగింది. సీసాలో నీళ్లు అయిపోయాయి, పెదాలు పగిలిపోయాయి. "ఎవ్వలన్నా వస్తరని పిలుసుకుంటనే ఉన్న" అన్నారు. ఇద్దరం మోసుకొచ్చి కారులో పడుకోబెట్టాం. కొమ్మ లేదు, అందుకే అటు వచ్చానని అందరి ముందూ చెప్పారు. అందరూ బావ వైపు చూశారు.

బావ నన్ను పక్కకు పిలిచాడు.

"నేను పెట్టిన. నా చేత్తోని ఇరిసి పెట్టిన. నువ్వు నా ఎనుకనే వచ్చినవ్ గద, చూసినవా?"

"లేదు బావా. నేను చూడలే."

"జర మంచిగ యాది చేసుకో."

"లేదు బావా, అక్కడేం లేకుండె."

ఆయన తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. "గట్లయితే మర్చిపోయిన కావచ్చు" అన్నాడు. అంతే. వెళ్లి మేడం ముందు తలవంచి, తప్పు నాదే అని ఒప్పుకున్నాడు.

ఎందుకు అబద్ధమాడాను? మేడం వాళ్లు తిడతారనా? కాదు. తిట్లు నాకు కొత్తేం కాదు. మీ దగ్గర దాచి లాభం లేదు: ఫొటో కోసం. కెమెరాలో అప్పటికే చూసుకున్నాను, నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు. నిజం చెబితే ఇక దాన్ని ఎవరికీ చూపించలేను. ఆ ఒక్క క్షణంలో ఇంత లెక్క వేసుకున్నాను. ఛీ.

ఆ ఫొటో నాకు చాలా పేరు తెచ్చింది. కానీ అసలు ఘోరం అది కాదు. వారం తర్వాత బావ స్టూడియోకి వచ్చి, ఆ దారి దగ్గర ఏమైనా తీశావా అని అడిగాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. దారి శుభ్రంగా ఉంది, కొమ్మా లేదు, రాయీ లేదు. "నిజమేరా, పెట్టలే" అన్నాడు. అప్పటిదాకా మర్చిపోయిన కావచ్చు అనుకున్న మనిషి, నా ఫొటో చూసి నమ్మేశాడు.

సరోజన మేడం ఇప్పటికీ గోడ పట్టుకునే మెట్లెక్కుతారు. నన్ను చూస్తే నవ్వి, ఈమధ్య కొత్త ఫొటోలేం తీశావని అడుగుతారు.

బావ మళ్లీ గుట్ట ఎక్కలేదు. ఘాట్ రోడ్డు వస్తే కారు తాళం నా చేతికిస్తాడు, నువ్వే నడుపు అని. ఇంటికి తాళం వేసి, సందు చివరి దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి గుంజి చూస్తాడు. "గుంజి గుంజి గొళ్లెం ఊడేటట్టున్నది, ఇగ నడువుండ్రి" అని అక్క ఎగతాళి చేస్తుంది. అప్పుడాయన నా వైపు తిరుగుతాడు. "ఏసిన్నా? నువ్వు చూసినవా?" అందరం నవ్వుతాం. నేను కూడా నవ్వుతాను, చూశారా, అదీ నా బతుకు. కాలు విరిగితే కట్టు కడతారు. ఒక మనిషికి తన చేతుల మీద నమ్మకం విరగ్గొట్టాను, దానికి కట్టు ఎవరు కడతారు?

ఎదురుగా చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరి ముందూ తడబడని నోరు ఆయన ముందు పెగలదు. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. ఆయన క్షమిస్తాడని నేను అనుకోవడం లేదు, క్షమించనూ కూడదు. పేరు రాయకపోయినా చదివితే పట్టేస్తాడు. పట్టనీ. ఇంటికొచ్చి చెంప పగలగొట్టనీ. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, దానికి జవాబు ఇవ్వాల్సింది నేనొక్కణ్ణే.

బావా, ఆ కొమ్మ నువ్వు పెట్టినవ్. అడ్డంగ పెట్టినవ్, మీద రాయి గూడ పెట్టినవ్. నేను చూసిన.