గౌరమ్మ ఆంటీ నాకు చెప్పని మాట

గౌరమ్మ ఆంటీ ఇక లేరన్న వార్త అందరికంటే చివర నాకు తెలిసింది. ఆవిడకు సంబంధించిన విషయాలు నాకు చివర తెలియడం కొత్తేమీ కాదు. మంగళవారం పొద్దున పనికి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా ఆవిడ పద్మ వంటగదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. "గౌరమ్మ ఆంటీ పోయారు. నిన్న మధ్యాహ్నం, గుండెపోటు" అంది. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి లాస్య అప్పటికే విమానం టికెట్ కొనుక్కుందట. నేను ఒక లేసు కట్టి, రెండోది చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. తొమ్మిదేళ్లుగా ఆవిడతో నేను మాట్లాడలేదు. అయినా ఆవిడ లేకుండా పోతారన్న ఊహ నాకెప్పుడూ రాలేదు.

మన తెలుగు సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని కార్యదర్శి కిరణ్ ఫోన్ చేశాడు. వరంగల్ అబ్బాయి. "అన్నా, మీరే రాయాలె. మీ అంత పొడుగు ఉత్తరాలు మన దాంట్ల ఎవ్వలు రాయరు" అన్నాడు. సంఘానికి నేను రాసిన ఫిర్యాదుల మీద విసురు అది. పట్టించుకోలేదు. "ఆవిడ మీద నాకు ఫిర్యాదు ఉంది కదా, ఎలా రాయను?" అంటే, "అది గూడ రాయండి, ఎవరొద్దన్నరు?" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ మనలాగా చదువుకోసమో ఉద్యోగం కోసమో ఈ దేశం వచ్చినవారు కాదు. పుట్టింది ఫిజీలో, చెరుకు తోటల మధ్య. విజయనగరం వైపు నుంచి కూలికి వెళ్లినవారి మనవరాలు. అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకున్న తర్వాత భర్తతో, రెండు పెట్టెలతో సిడ్నీ చేరారు. బ్లాక్‌టౌన్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో, చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చునే సహాయకురాలిగా రిటైరయ్యేదాకా పనిచేశారు. శనివారాలు రౌస్ హిల్‌లో మన తెలుగు బడి నడిపారు. తెలుగు మాట ఆవిడకు నాయనమ్మ దగ్గర చెవిన పడింది. తెలుగు అక్షరం మాత్రం నలభై దాటాక, సిడ్నీలో, పిల్లల వాచకం ముందు పెట్టుకుని నేర్చుకున్నారు.

మా మొదటి గొడవ దాని గురించే. ఆవిడ భాషలో మనకు అలవాటు లేని పాత మాటలుండేవి. కోపమొస్తే హిందీలోకి దిగేవారు. ఇలాంటి తెలుగు మన పిల్లలకు అంటుకుంటుందని నేను సంఘం కమిటీకి రాశాను. తర్వాతి శనివారం ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆవిడ నా దగ్గరికే వచ్చారు. "ఏటి బాబూ, నా తెలుగు బాగోలేదని రాసేరట. నా కాడ నోటి తెలుగుంది, పుస్తకం తెలుగుంది. తమరి కాడ ఏది ఎక్కువుంటే అది కాస్త ఇచ్చి పోండి, కలుపుకుంటాను" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

అయినా లాస్యను ఆ బడికే పంపాను. దగ్గరలో వేరే బడి లేదు. పైగా ఆవిడ పిల్లలను బాగా చూసుకునేవారని ఒప్పుకోవాలి. తన తరగతిలో ఏ పిల్లనీ లేపి నిలబెట్టి చదివించేవారు కాదు. తల్లిదండ్రులు అడిగితే ఒకటే సమాధానం: "అందరి ముందర చదవమంటే పిల్ల చదవడం నేర్చుకోదు, తప్పించుకోడం నేర్చుకుంటాది." ఒకసారి వార్షికోత్సవంలో వేదిక మీద శాలువా కప్పుతామని పిలిస్తే, చిన్నపిల్లలకు ఇంకా భోజనం పెట్టలేదని తెలిసి, గరిటె పట్టుకుని వడ్డనలో నిలబడిపోయారు. శాలువా ఆ పూట కుర్చీకి కప్పారు.

లాస్యకు ఏడేళ్లప్పుడు నేను చాలా గర్వంగా తిరిగిన సంగతి చెప్పాలి. సాయంత్రం పని నుంచి వచ్చి సోఫాలో వాలి కళ్లు మూసుకుంటే, అది పక్కన కూర్చుని తెలుగు వాచకం తెరిచి నాకు చదివి వినిపించేది. పద్యాలు, కథలు, ఎక్కడా తడబాటు లేదు. దేశంకాని దేశంలో పుట్టిన పిల్ల ఇంత చక్కగా చదువుతోందని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాను. అది చదవడం లేదు. పద్మ ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, మొత్తం కంఠతా పట్టి అప్పజెప్పేది. మన ఇళ్లలో అప్పజెప్పడమే చదువు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నేను కట్టడాల్లో లోపాలు వెతికే ఇన్‌స్పెక్టర్‌ని. గోడలో వెంట్రుకవాసి పగులు కూడా నా కంటపడకుండా పోదు. ఇంట్లో పిల్ల ఒక పేజీ తెరిచి ఇంకో పేజీ చెబుతుంటే మాత్రం నాకు తెలియలేదు.

గౌరమ్మ ఆంటీకి ఒక్క నిమిషంలో తెలిసింది. లాస్య అప్పజెబుతుండగా మెల్లగా పేజీ తిప్పేశారట. పిల్ల ఆగకుండా పాత కథే చెప్పుకుపోయిందట. ఆవిడ ఏమీ అనలేదు. తరగతి అయ్యాక పద్మను పక్కకు పిలిచి చెప్పారు. డిస్లెక్సియా అనే మాట మా ఇంటికి తెచ్చింది ఆవిడే. తెలివి తక్కువ కాదనీ, అక్షరానికీ శబ్దానికీ మధ్య ముడి ఈ పిల్లలకు త్వరగా పడదనీ, చెవి ద్వారా కంటికి దారి వేయవచ్చనీ చెప్పారట. పద్మకు చెప్పారు. లాస్య స్కూల్లో టీచర్‌కు చెప్పారు. నాకు చెప్పలేదు.

ఆవిడ చేసిన పని ఎలాంటిదో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. రాసిన మాటలను పైకి చదివి వినిపించే యాప్ ఉన్న పాత ట్యాబ్లెట్లు నాలుగు సంపాదించారు. యంత్రం ఒక్కో మాట చదువుతుంటే ఆ మాట పసుపు రంగులో వెలుగుతుంది, పిల్ల దాని కింద వేలు పెట్టుకుని నడుస్తుంది. వేగం తగ్గించుకోవచ్చు, ఎన్నిసార్లయినా వెనక్కి పోవచ్చు, ఎవరూ విసుక్కోరు. వాచకం పేజీలను ఫొటో తీసి పెడితే ఆ యంత్రం తెలుగును కలగాపులగం చేసేది. అందుకని ఆవిడ ప్రతి పాఠాన్నీ ఒక్క వేలితో టైపు చేసేవారు. తర్వాత కళ్లు మూసుకుని వినేవారు. యంత్రం ఊపిరి తీసుకోకుండా పరిగెత్తిన చోట వాక్యాన్ని రెండుగా విరిచేవారు. పొడుగు మాటలను విడదీసి పెట్టేవారు. ఒక్క పేజీ కథకు ఒక పూట పట్టేదట. ఆ గొంతుకు పిల్లలు రోబో అత్త అని పేరు పెట్టారు. "రోబో అత్తకి ఇవాళ జలుబు చేసింది ఆంటీ" అని ఒకరంటే, "ఔను, రాత్రంతా ఛార్జింగు పెట్టకుండా వొదిలేసేను మరి" అనేవారు ఆవిడ. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవి.

లాస్య నాలుగో తరగతిలో ఉండగా స్కూలు మమ్మల్ని మీటింగుకు పిలిచింది. కౌన్సిలర్ ఫైలు తెరిచి, పోయిన ఏడాది నుంచి మీకు తెలిసిందే కదా అన్నట్టు మొదలుపెట్టింది. నాకేమీ తెలియదు. పద్మ వైపు చూశాను. పద్మ నేల వైపు చూసింది. ఫైలులో గౌరమ్మ ఆంటీ చేతిరాతతో రెండు పేజీలున్నాయి, లాస్య వింటూ ఎలా నేర్చుకుంటోందో వివరంగా. అప్పటికి సరిగ్గా ఏడాది కిందట రాసింది. ఆ ఏడాదంతా ప్రతి సాయంత్రం సోఫాలో నేను కథ వింటూనే ఉన్నాను. నా ఇంట్లో, నా పిల్ల గురించి, నేను తప్ప అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి అడిగాను. "నా కూతురి విషయం ముందు నాకు చెప్పాలా వద్దా మీరు?"

"లోపలికి రండి బాబూ, టీ తాగుతూ మాటాడుకుందాం."

"టీ కోసం రాలేదు నేను. చెప్పాలా వద్దా?"

"చెప్పుంటే ఏటి చేసుండేవారు?"

"స్కూలుతో మాట్లాడేవాణ్ణి. ఉత్తరం రాసేవాణ్ణి."

"అదే మరి. ఉత్తరం రాసుండేవారు" అన్నారు.

ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో ఆవిడకు తెలుసు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. వచ్చి, ఆవిడ చెప్పినట్టే, ఉత్తరం రాశాను.

స్కూల్లో లాస్యకు ఇస్తామన్న సాయానికి నేను అడ్డు చెప్పలేదు. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. నా కోపం యంత్రం మీద కాదు, దాచడం మీద. కానీ దాచారని రాస్తే కమిటీ చేసేదేమీ ఉండదని నాకు తెలుసు. అందుకని తెలుగు బడిలో గురువు చేయవలసిన పని యంత్రం చేస్తోందనీ, మాతృభాష మనిషి నోటి నుంచి రావాలనీ మూడు పేజీలు రాశాను. నా ఉత్తరాలంటే భయపడే కమిటీ, ఇక బడిలో ట్యాబ్లెట్లు వద్దని తీర్మానించింది. ఆవిడ వాదించలేదు. నాలుగు ట్యాబ్లెట్లనూ మామిడిపళ్ల అట్టపెట్టెలో సర్ది కమిటీ బల్ల మీద పెట్టి, తరగతికి వెళ్లిపోయారు. నేను లాస్యను ఆ తరగతి మాన్పించి, ఎదురు గదిలో పద్యాల తరగతిలో వేశాను. ఆ తర్వాత ప్రతి శనివారం కారు పార్కులో నేను ఎదురైతే ఒకటే మాట అడిగేవారు, "పిల్ల బాగుందా బాబూ?" నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. లాస్య ఆ బడి మానేశాక కూడా కమిటీ సమావేశాలకు నేను వెళ్తూనే ఉన్నాను, ఆవిడ అడుగుతూనే ఉన్నారు.

శుక్రవారం అంత్యక్రియల్లో లాస్య మాట్లాడింది. చెవిలో చిన్న ఇయర్‌బడ్ పెట్టుకుంది. తాను రాసుకున్నది ఫోను ఒక్కో వాక్యం చెవిలో చెబుతుంటే, కాగితం లేకుండా, తలెత్తి, తెలుగులో మాట్లాడింది. ఆ తెలుగులో నాకు తెలియని పాత మాటలు చాలా ఉన్నాయి. అప్పుడు చెప్పింది, గురువారాల సంగతి. నాలుగో తరగతి నుంచి స్కూలు పూర్తయ్యేదాకా ప్రతి గురువారం సాయంత్రం అది గౌరమ్మ ఆంటీ ఇంట్లోనే ఉందట. తెలుగు పాఠాలు, తర్వాత ఇంగ్లిష్ నవలలు, సైన్సు పుస్తకాలు, అన్నీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారట. గురువారాలు లాస్య ఈతకు వెళ్తోందని పద్మ నాకు చెప్పేది. అన్నేళ్లు ఈత నేర్చుకున్న పిల్ల జుట్టు ఒక్కరోజూ తడిసి లేదని నేను గమనించలేదు.

అంటే శనివారం నన్ను అడిగే మనిషి, గురువారమే పిల్లను చూసి ఉండేవారు. పిల్ల బాగుందో లేదో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. తెలిసే అడిగేవారు.

తిరిగి ద పాండ్స్‌లోని ఇంటికి వస్తూ కారులో పద్మనూ లాస్యనూ ఇద్దరినీ నిలదీశాను. పద్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. లాస్యే మాట్లాడింది.

"ఆంటీని blame చేయొద్దు నాన్నా. నేనే చెప్పొద్దన్నాను. I made her promise."

"ఎనిమిదేళ్ల పిల్ల అడిగితే పెద్దావిడ ఒప్పుకోవడమేంటి?"

"వెంటనే ఒప్పుకోలేదు. చాలాసార్లు, చెప్పేద్దామా, చెప్పేద్దామా అంది. నేను ఏడ్చా."

"ఎందుకు?"

"మీరు కళ్లు మూసుకుని వినేవాళ్లు కదా. You looked so happy. తెలిస్తే కళ్లు తెరిచి చూస్తారు. Inspect చేస్తారు. I just wanted one more day like that. తర్వాత ఇంకో day."

"మరి గురువారాల సంగతి? అప్పటికి నాకు తెలుసుగా."

"అప్పటికి మీరు ఆ letter రాసేశారు నాన్నా."



శనివారం కమిటీకి ఇంకో ఉత్తరం రాశాను. ట్యాబ్లెట్లు వద్దని తొమ్మిదేళ్ల కిందట నేను రాసింది తప్పుడు కారణం మీద రాసిన ఉత్తరమనీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, వాటిని వెంటనే తరగతిలో పెట్టాలనీ. కిరణ్ ఫోన్ చేశాడు. "పెట్టొచ్చన్నా. ఛార్జర్లు కొంటం, అదేం లేదు. గని వాటిల్ల పాఠాలు ఎక్కించుడు ఎవరికొస్తది? ఆమెకే వచ్చేది." నాకూ రాదు. ఈ తొమ్మిదేళ్లలో లాస్యలాగే ఆ బడికి వచ్చి, తడబడి, వెళ్లిపోయిన పిల్లలు ఎంతమందో నాకు తెలియదు. నా ఉత్తరం వల్ల వాళ్లకు ఏమి దక్కలేదో వాళ్లకూ తెలియదు.

గౌరమ్మ ఆంటీ గొప్ప ఉపాధ్యాయిని. ఈ మాట ఆవిడ బతికుండగా నేను అనలేదు. మన పిల్లల్లో ఎవరికి ఎక్కడ కష్టమో అంత త్వరగా కనిపెట్టి, ఆ కష్టాన్ని నలుగురిలో పడనీయకుండా కాపాడే మనిషి మళ్లీ ఈ బడికి దొరకరు. నా కూతురు ఇవాళ యూనివర్సిటీలో చదువుతోందంటే కారణం ఆవిడ. అంతా ఒప్పుకుంటాను. కానీ నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోవడం లేదు. ఆవిడ నాకు చెప్పి ఉండాలి. పిల్ల ఎంత ఏడ్చినా చెప్పి ఉండాలి. చెబితే నేను కళ్లు తెరిచి చూసేవాణ్ణేమో, ఉత్తరమే రాసేవాణ్ణేమో, లేక సోఫా మీద నుంచి లేచి దాని పక్కన కూర్చునేవాణ్ణేమో. ఈ మూడింటిలో ఏది చేసి ఉండేవాణ్ణో నాకు తెలియదు. నేనెలాంటి తండ్రినో తేలే అవకాశం నాకు ఇవ్వకుండా ఆవిడ వెళ్లిపోయారు.