పసుపు గుడ్డ కట్టిన విత్తనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తినకూడని తిండి ఒకటి ఉండేది. లోపలి గది మూలన గోనెసంచిలో, వచ్చే పంటకని దాచిపెట్టిన వేరుశనగ విత్తనం అది. మా అవ్వ ఆ సంచి మూతికి పసుపు గుడ్డ కట్టి, కదిరి నరసింహస్వామి పేరు చెప్పి ముడి వేసేది. వాన పడేలోగా ఆ ముడి విప్పితే విప్పిన చెయ్యి పడిపోతుందని ఇంట్లోని పిల్లలందరికీ చెప్పి ఉంచింది.

మాది పెనుకొండ దగ్గర మెట్ట పల్లె. నేను చెప్పే ఏటికి రెండేండ్లుగా వానలు లేవు. ఆ ఎండాకాలం పొద్దున సంగటి, సాయంత్రం అదే సంగటి నీళ్ళలో పిసుక్కుని తాగడం. ఆకలి ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు, అందుకే నేను చెప్పను.

మా నాయనకు ఒక తమ్ముడు. హిందూపురంలో చదువుకుని వచ్చిన ఆ చిన్నాయన దేవుడు లేడనేవాడు. అవ్వకూ ఆయనకూ ఆ మాట మీద రోజూ వాదనే. ఒకనాడు అవ్వ రాగులు చెరుగుతుంటే, వాన ఇచ్చేవాడే అయితే రెండేండ్లు ఎందుకు ఎండబెట్టాడని ఆయన నిలదీశాడు. అవ్వ చేట ఆపలేదు.

“రాదనుకున్నోళ్ళు విత్తనం దాచుకుంటారా? ఆ సంచి ఉండాదంటే నమ్మకం ఉండాదనే.”

“దాచింది నువ్వమ్మా. ఆ సామి కాదు.”

నాకు వాళ్ళ వాదన అక్కర్లేదు, నా చెయ్యి సంగతి కావాలి. తర్వాత చిన్నాయనను ఒంటరిగా పట్టుకుని, ముడి విప్పితే నిజంగా చెయ్యి పడిపోతుందా అని అడిగాను. ఆయన నవ్వి, ఏమీ కాదు పాపా, అది మీ నోళ్ళకు మీ అవ్వ వేసిన తాళం అన్నాడు. నేనెందుకు అడిగానో ఆయన ఆలోచించలేదు.

మరునాడు అందరూ చేనికి పోయాక ముడి విప్పాను. చేతిని చాలాసేపు చూసుకున్నాను. పడిపోలేదు. ఆ తర్వాత రోజూ విప్పాను. కాయ కొనను గోటితో నొక్కితే విడుతుంది. పప్పులు తీసుకుని, రెండు చిప్పలూ మళ్ళీ మూసి సంచిలోనే వేసేదాన్ని. సంచి తగ్గినట్టు ఎవరికీ కనపడలేదు. ఎండాకాలమంతా తిన్నాను.

ఆరుద్ర కార్తెలో వాన వచ్చింది. అవ్వ సంచికి మొక్కి ముడి విప్పింది. ఇంటిల్లిపాదీ కాయలు ఒలవడానికి కూర్చున్నాం. ఒకటి ఖాళీ. ఇంకొకటి ఖాళీ. మా నాయన ఎలుకలన్నాడు. అవ్వ ఒక చిప్పను వెలుతురుకు పట్టి చూసింది. దాని మీద గోటి గుర్తు ఉంది. ఆమె మా అందరి మొహాలూ చూస్తూ వచ్చింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అది చూసింది చిన్నాయన ఒక్కడే అనుకున్నాను.

“నేనే తింటి,” అన్నాడు ఆయన. “ఆకలికి ఆగలేకపోతి.”

“దేవుడే లేడనేవానికి విత్తనమైతే ఏమి, గడ్డి అయితే ఏమి,” అన్నాడు మా నాయన. అంతే, మళ్ళీ తమ్ముడితో మాట్లాడలేదు. ఆ మాటే ఊరంతా పాకింది. దేవుడి భయం లేనివాడు ఇంకేం చేస్తాడని బావి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటుంటే, నేను కడవ పట్టుకుని వింటూ నిలబడ్డాను.

విత్తనం చాలక ఇంటి ఎదుట ఉన్న మా తూర్పు చెక్క చేను బీడు పడింది. చిన్నాయన ధర్మవరంలో మగ్గం పనికి పోయాడు. పోయేరోజు బస్సు దాకా వెంటపోయి, ఇప్పుడైనా చెప్పేస్తానన్నాను.

“వద్దు పాపా. ఏమీ కాదని నీకు చెప్పింది నేనే గదా. నన్ను ఎట్లాగూ అంటానే ఉండారు, ఇంకొక మాట నాకు బరువా?”

ఆయన మళ్ళీ మా ఊళ్ళో కాపురం పెట్టలేదు. చివరికి ధర్మవరంలోనే కన్నుమూశాడు. ఆయన ఊరు విడిచిన నాటినుంచి అవ్వ మాత్రం శనివారం శనివారం ఆయన కోసం దీపం పెట్టేది. మంచం పట్టాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచింది.

“వాడు పచ్చి శెనక్కాయ చిన్నప్పటినుంచి ముట్టడు. తింటే వాంతి. నాకు తెలీదా?”

తెలిసీ ఎందుకు నోరు విప్పలేదని నేను అడగలేదు. నేనెందుకు విప్పలేదని ఆమె అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

అవ్వ నమ్మిన వాన వచ్చింది. చిన్నాయన చెప్పినట్టే నా చెయ్యి పడిపోలేదు. ఇద్దరి మాటా నిజమైంది, అయినా తూర్పు చెక్క మాత్రం ఆ ఏడు ఎండుతూనే ఉంది. గడప దాటినప్పుడల్లా కంటికి కనపడేది.

మొన్న హిందూపురం కాలేజీలో చదివే నా మనవరాలు దేవుడు లేడంది. భయం లేకుండా పెరిగిందని మా కోడలు తిట్టింది. ఆ మాట ఒక్కటి అనొద్దని కోడలికి గట్టిగా చెప్పి, ఇద్దరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆ కాయలు తిన్నది నేనని ఈ ఇంట్లో చెప్పడం అదే మొదలు. అంతా విని మనవరాలు, మరి దేవుడు ఉన్నట్టా లేనట్టా అని అడిగింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు విత్తనం కొనుక్కొచ్చి వేస్తున్నాం. దాచే పనిలేదు. అయినా ఏటా ఒక దోసెడు దాస్తాను. ఒక్కొక్క కాయనూ చెవి దగ్గర ఆడించి, లోపల పప్పు ఉందని తేల్చుకున్నాకే పసుపు గుడ్డలో కడతాను. ముడి వేసేటప్పుడు అవ్వ చెప్పిన సామి పేరే చెబుతాను. ఆ వెంటనే మా చిన్నాయన పేరు కూడా చెబుతాను.