తుడుము తాత పక్కవాద్యం

అరకులో మా వర్తకులంతా కలిసి ఏటా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటపాటల కచేరీ పెడతారు. కింద నుంచి, అంటే మైదానం ఊళ్ళ నుంచి, ఒక బృందాన్ని పిలుస్తారు. ఆ ఏడు వచ్చింది ముగ్గురే, చేసింది మాత్రం ముప్ఫై మంది పని. నాట్యం చేసే ఆవిడే మైకు పట్టుకుని కబుర్లు చెబుతుంది. ఆవిడ తమ్ముడు కీబోర్డు వాయిస్తూ మధ్యలో లేచి గారడీ చేస్తాడు. ఇక ఆవిడ భర్త తబలా వాయిస్తాడు, వేణువు ఊదుతాడు, కుక్క నుంచి కిరండూల్ రైలు దాకా దేని గొంతైనా తీస్తాడు.

"ఒక్క టికెట్టుకి మూడు సినిమాలే!" అని మా ఆయన మురిసిపోయాడు.

నా ఏడుపు వేరు. ఆ కచేరీలో మధ్యమధ్య ఊళ్ళోవాళ్ళకీ వంతులుంటాయి, నేనూ ఒక కీర్తన పాడాలి. పెళ్ళికి ముందు కాలేజీ పోటీలో, చరణం పైస్థాయికి వెళ్ళేసరికి నా గొంతు జీరపోయింది. నేను ఆగిపోయాను. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై ఏళ్ళయినా ఆ నవ్వు నా చెవిని వదల్లేదు. కిరాణా కొట్లో కూర్చుని "కందిపప్పు రెండు కిలోలు" అని అరవడానికి తప్ప మళ్ళీ గొంతు విప్పలేదు. ఈసారి కూడా పాడకపోతే ఇక ఈ జన్మకి పాడనని తెలిసి, కళ్ళు మూసుకుని పేరిచ్చేశాను.

తీరా నా వంతు వచ్చేసరికి తబలా ఆయన లేడు. ఘాటురోడ్డు మలుపులకి పొద్దుటి నుంచీ కడుపులో తిప్పుతూనే ఉందట. కుక్కా రైలూ అయ్యాక ఇక ఆయన వల్ల కాలేదు. స్టేజీ వెనక నిమ్మకాయ వాసన చూస్తూ పడుకున్నాడు. నాకు లోలోపల ఎంత సంతోషమో! తబలా లేకుండా ఎలా పాడతానంటూ చీర సర్దుకుని దిగబోయాను.

మా ఆయన ఊరుకుంటాడా? నా తర్వాత థింసా ఆడాల్సిన ఆడవాళ్ళతో వచ్చిన ముసలాయన, పుల్లలతో కొట్టే తుడుము డోలు మెడలో తగిలించుకుని బీడీ కాలుస్తున్నాడు. సంతరోజున మా కొట్టు ముందు చింతపండు అమ్మే తాతే. ఆయన్ని రెక్క పట్టుకుని స్టేజీ మీదికి తెచ్చేశాడు.

"ఏటే, దిగిపోతన్నావు? తాత వాయిస్తాడు. బేగి కూకో."

కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ పల్లవి ఎత్తుకున్నాను. తుడుము మోగలేదు. తాత పుల్లలు రెండూ గాల్లో పట్టుకుని నా చీర కుచ్చిళ్ళ వంక చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏటి తాతా, వాయించవేటి?"

"కూకుని పాడితే నాకేటి తెలుస్తాది షావుకారమ్మా? అడుగేదీ? మేం అడుగు సూసే కొడతాం. లెగు."

థింసాలో ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు అల్లుకుని కదులుతుంటే, వాద్యాల వాళ్ళ కళ్ళు కొసన నడిపించే ఆమె పాదం మీదే ఉంటాయి. ఆ అడుగు మారితే దరువు మారుతుంది. ఇన్నేళ్ళూ కొట్టు గుమ్మంలోంచి చూస్తున్నా నాకా సంగతి తట్టనేలేదు. కీర్తన గంతులేస్తూ పాడతారా అని గొణుక్కుంటూ, ఊరంతా చూస్తుంటే వేరే దారి లేక లేచాను.

చేతిలో ఉన్న ఆదితాళాన్ని కాళ్ళలోకి దించుకోవలసి వచ్చింది. మొదట బురదలో నడిచినట్టే ఉంది. తుడుము అందుకుంది. కీబోర్డు కలిసింది. కింద థింసా ఆడవాళ్ళు నవ్వుతూ నాతో అడుగు కలిపారు. అంతలో చరణం వచ్చింది. ఆనాడు ఎక్కడ జీరపోయిందో సరిగ్గా అక్కడే గొంతు మళ్ళీ పగిలింది. ఆగిపోయేదాన్నే. కానీ తాత కళ్ళు నా పాదం మీదున్నాయి. దాన్ని ఆపడానికి మొహం చెల్లలేదు. అడుగు పడుతూనే ఉంది, దరువు సాగుతూనే ఉంది, కాసేపటికి గొంతు దానంతట అదే వచ్చి కలిసింది. చివరిదాకా పాడేశాను. ఎవరైనా నవ్వారేమో, చూసుకునే తీరిక లేదు.

దిగాక చెంగుతో చెమట తుడుచుకుంటూ తాత దగ్గరికి వెళ్ళాను. నాలుగు మంచి మాటలు వినాలని ఆశ, దాచడమెందుకు.

"తాతా, మధ్యలో గొంతు పోయింది కదా. బాగా తెలిసిపోయిందా?"

తాత ఆరిపోయిన బీడీ మళ్ళీ వెలిగించుకున్నాడు.

"పాట నానెక్కడ విన్నాను షావుకారమ్మా? నీ అడుగు ఎక్కడా ఆగనేదు. అదే సూసినాను."